మనిషి కాదు... పని కనబడాలి!

మొన్న దసరాకి తెనాలి వెళ్ళాను. మా అక్కయ్య ఇంట్లో అడుగుపెట్టేసరికి బావగారు హడావిడిగా ఇల్లంతా వెతుకుతున్నారు. ఆయన చేతి గడియారం కనబడటం లేదట. పాత హెచ్‌ఎంటీ. రిటైరైన రోజున ఆఫీసు స్టాఫంతా చందాలేసుకుని కొనిచ్చింది. దిండు కింద, టీవీ మీద, పూజగదిలో... ఎక్కడా లేదు.

అరగంట తర్వాత దొరికింది. ఎక్కడనుకున్నారు? మేడమీద గదిలో, కోడలి ల్యాప్‌టాప్ పక్కన, మౌస్ కింద!

కోడలు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి. కాన్పు తర్వాత ఇంటినుంచే పని చేసుకునే అవకాశం ఇచ్చారు. పిల్లాడికి పద్నాలుగో నెల. గడియారం సంగతేమిటమ్మా అని అడిగితే కాస్త సిగ్గుపడుతూ చెప్పింది.

"కొద్ది నిమిషాలు మౌస్ కదలకపోతే నా పేరు పక్కనున్న పచ్చచుక్క పసుపురంగుకి మారిపోతుంది బాబాయిగారూ. వెంటనే మా మేనేజర్ ‘ఎక్కడున్నావ్?’ అని మెసేజ్ పెడతారు. బాబుకి నాలుగు ముద్దలు పెట్టి వద్దామన్నా భయమే. మౌస్‌ని గడియారం మీద పెడితే సెకన్ల ముల్లు తిరుగుతున్నంతసేపూ తెరమీద బాణం కదులుతూనే ఉంటుంది. మా టీమ్‌లో చాలామంది చేసే పనే ఇది."

బావగారు పకపకా నవ్వారు. నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఆ అమ్మాయి తర్వాత అన్న మాటకి నవ్వు ఆగిపోయింది. "ఈ నెలాఖరుకి రిజైన్ చేసేద్దామనుకుంటున్నాను." రాత్రి పదకొండింటి దాకా కూర్చుని పని పూర్తిచేసే పిల్ల. చేసిన పనిలో ఎవరూ వంక పెట్టలేదు. ఆమెని ఉద్యోగం మానేసేలా చేస్తున్నది పని కాదు, ఆ పచ్చచుక్క!

ఇలాంటి ఇళ్ళు ఇవాళ మన దగ్గర చాలా ఉన్నాయి. అందుకే ఈ వారం ఆ గడియారం కబుర్లే.

నమ్మకం కరువు

మేనేజర్‌ని ఒక్కణ్ణే ఆడిపోసుకుని లాభం లేదు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చేదాకా మన ఆఫీసుల్లో పర్యవేక్షణ అంటే కళ్ళతో చూడటమే. సీట్లో మనిషి ఉన్నాడా, ఎన్నింటికి వచ్చాడు, ఎన్నింటికి వెళ్ళాడు... ఇదే లెక్క. కాల్‌సెంటర్, బీపీఓల ఉద్యోగుల చేత ఇంటినుంచి పని చేయించాలంటే అప్పట్లో టెలికాం నిబంధనలే పెద్ద అడ్డంకి. లాక్‌డౌన్‌లో వాటిని సడలించారు. 2020 నవంబరులో కేంద్రం ఆ నిబంధనల్లో చాలా భాగాన్ని తీసేసింది. అలా చట్టమైతే మారింది. మేనేజర్ల అలవాటు మాత్రం అంత తొందరగా మారలేదు.

2022లో మైక్రోసాఫ్ట్ సంస్థ 11 దేశాల్లో 20,000 మందిని ప్రశ్నించింది. ఉద్యోగుల్లో 87 శాతం మంది తాము బాగానే పని చేస్తున్నామన్నారు. పై అధికారుల్లో 85 శాతం మంది మాత్రం, కొన్నాళ్ళు ఇల్లు, కొన్నాళ్ళు ఆఫీసు అనే పద్ధతి వచ్చాక తమ వాళ్ళు నిజంగా పని చేస్తున్నారన్న నమ్మకం పెట్టుకోవడం కష్టంగా ఉందన్నారు. నమ్మకం లేనిచోట నిఘా పెరుగుతుంది. నిఘా పెరిగినచోట గడియారాలు మౌస్‌ల కిందికి చేరతాయి. చివరికి ఇద్దరూ కష్టపడుతూనే ఉంటారు... ఒకరు కనిపెట్టడానికి, ఇంకొకరు తప్పించుకోవడానికి. పని మాత్రం మధ్యలో నలిగిపోతుంది.

ఆరు పౌన్లు, ఒక టెలిఫోను

ఇంటర్నెట్ వచ్చాకే ఇంటినుంచి పని మొదలైందని మనం అనుకుంటాం. కాదు. సరిగ్గా మా కోడలి లాంటి ఆడవాళ్ళ కోసమే 1962లో బ్రిటన్‌లో ఒక కంపెనీ పుట్టింది. పెట్టినావిడ స్టెఫనీ షర్లీ. జర్మనీలో పుట్టి, 1939లో హిట్లర్ బారినుంచి యూదు పిల్లల్ని తప్పించిన రైళ్ళలో అయిదేళ్ళ వయసులో బ్రిటన్ చేరిన శరణార్థి. పెట్టుబడి ఆరు పౌన్లు! ఆఫీసు ఆమె ఇల్లే. పెళ్ళో, పిల్లలో కారణంగా ఉద్యోగం మానేసిన చదువుకున్న ఆడవాళ్ళని చేరదీసి, వాళ్ళ చేత ఇళ్ళనుంచే కంప్యూటర్ ప్రోగ్రాములు రాయించింది. ఉద్యోగానికి వచ్చినవాళ్ళని అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, ‘మీకు టెలిఫోను అందుబాటులో ఉందా?’ అని. ఆ రోజుల్లో టెక్నాలజీ అంటే అంతే... కాగితం, పెన్సిలు, పోస్టు, ఫోను.

స్టెఫనీ అని సంతకం చేసి ఉత్తరాలు రాస్తే కంపెనీలు జవాబే ఇచ్చేవి కావు. భర్త సలహామీద ‘స్టీవ్’ అని సంతకం చేయడం మొదలుపెట్టింది. దాంతో జవాబులు రాసాగాయి. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇంట్లో పసివాడి గోల వినబడకుండా టైప్‌మిషన్ చప్పుడు రికార్డు చేసిన టేపు వెనకాల పెట్టేదట! చూశారా, అప్పుడు టేపు, ఇప్పుడు గడియారం. అరవై ఏళ్ళు గడిచినా ఆడపిల్ల తాను ‘ఆఫీసులోనే ఉన్నట్టు’ నటించాల్సిన అవసరం మాత్రం పోలేదు.

ఒక్క తేడా ఉంది. ఆ టేపు బయటి ప్రపంచం కోసం. కంపెనీ లోపల షర్లీ ఎవర్నీ అలా నటించనివ్వలేదు. గంటల లెక్కన కాకుండా మొత్తం పనికి ఇంత అని ముందే ధర ఒప్పుకునేది. పని ఎలా ఉండాలో కచ్చితమైన ప్రమాణాలు పెట్టేది. వేళలు ఎవరి వీలునుబట్టి వాళ్ళవి. మొదటి 300 మంది ఉద్యోగుల్లో 297 మంది ఆడవాళ్ళే. ధ్వనికన్నా వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానంలోని బ్లాక్‌బాక్స్‌కి కావలసిన ప్రోగ్రాము రాసింది ఈ గృహిణులే! కంపెనీ ఎదిగి, వాటాలు మార్కెట్‌కి వెళ్ళాక 70 మంది సిబ్బంది లక్షాధికారులయ్యారు. లక్షలంటే మన రూపాయల్లో కాదు, పౌన్లలో! షర్లీ 2025 ఆగస్టులో 91 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆమె బతుకు చెప్పే పాఠం ఒక్కటే. దూరంగా ఉన్న మనిషి చేత పని చేయించడానికి ముందు కావలసింది యంత్రం కాదు, ఒప్పందంలో స్పష్టత.

రెండు పరీక్షలు, రెండు జవాబులు

ఇంటినుంచి పని చేస్తే పని పెరుగుతుందా, తగ్గుతుందా? దీనిమీద మంచి పరిశోధనలే జరిగాయి. జవాబులు మాత్రం తలో రకంగా వచ్చాయి. అసలు కిటుకు అక్కడే ఉంది.

చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ ఉంది. 2010 చివర్లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికొలస్ బ్లూమ్ బృందంతో కలిసి తన షాంఘై కాల్‌సెంటర్‌లో తొమ్మిది నెలలపాటు ఒక ప్రయోగం చేసింది. ఇష్టపడి ముందుకొచ్చి, ఇంట్లో విడిగా గది, ఇంటర్నెట్ ఉన్న సుమారు 250 మందిని తీసుకుంది. పుట్టినతేదీ సరిసంఖ్య అయినవాళ్ళు వారంలో నాలుగు రోజులు ఇంటినుంచి, మిగతావాళ్ళు ఆఫీసునుంచి. ఇంట్లో ఉన్నవాళ్ళ పని 13 శాతం పెరిగింది. విరామాలు, సెలవులు తగ్గడమే ముఖ్య కారణం. ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. అయితే, ప్రయోగం అయ్యాక మీ ఇష్టం అంటే, ఇంటినుంచి పని చేసినవాళ్ళలో దాదాపు సగం మంది ఆఫీసుకి తిరిగొచ్చేశారు! ఒంటరితనం భరించలేకపోయామన్నారు. పైగా, అంత బాగా పని చేసినా వాళ్ళకి పనికి తగ్గట్టు ప్రమోషన్లు రాలేదు. కళ్ళముందు లేనివాడు మనసులోనూ లేకుండా పోతాడన్నమాట.

రెండోది కరోనా కాలంలో ఆసియాలోని ఒక పెద్ద ఐటీ కంపెనీలో 10,000 మందికి పైగా ఉద్యోగులమీద జరిగిన పరిశీలన. అక్కడ పని గంటలు పెరిగాయి. పని మాత్రం పెరగలేదు సరికదా, గంటకి అయ్యే పని 8 నుంచి 19 శాతం దాకా తగ్గింది. ఎందుకని? రోజంతా మీటింగులు! ఒకరితో ఒకరు సమన్వయం చేసుకోవడానికే సమయం సరిపోయింది. ఎవరూ పిలవకుండా నిదానంగా కూర్చుని పని చేసుకునే గంటలు తగ్గిపోయాయి. మేనేజర్‌తో విడిగా మాట్లాడే అవకాశాలూ తగ్గాయి. పిల్లలున్నవాళ్ళమీద దెబ్బ మరీ ఎక్కువ పడింది.

కాల్‌సెంటర్ పని ఒంటరిగా చేసేది. ఎన్ని కాల్స్ అన్నది లెక్క తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్ పని పదిమంది చేతులమీదుగా సాగేది. దాన్ని సరిగ్గా విడగొట్టి, రాతపూర్వకంగా అప్పగించకపోతే ప్రతి చిన్న సందేహానికీ ఒక మీటింగు పుడుతుంది. అంటే తేడా తెచ్చింది ఇల్లూ కాదు, ఆఫీసూ కాదు... పని అమర్చిన తీరు.

మధ్యేమార్గం కూడా ఉంది. అదే చైనా కంపెనీ 2021లో ఈసారి 1,612 మందితో మరో ప్రయోగం చేసింది. వారంలో రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు. 2024లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. పనిలో, ప్రమోషన్లలో ఏ తేడా లేదు. ఉద్యోగం మానేసేవాళ్ళు మాత్రం మూడోవంతు తగ్గారు. ఆ లాభం బాగా కనిపించింది ఎవరిలోననుకున్నారు? ఆడవాళ్ళలో, రోజూ చాలా దూరం ప్రయాణించేవాళ్ళలో! మా కోడలి లాంటివాళ్ళని పోగొట్టుకున్న కంపెనీ ఏం పోగొట్టుకుంటోందో ఈ అంకెలే చెబుతాయి.

లెక్క ఒక్కటే చాలదు

అయితే పనిని లెక్కగడితే చాలు, అంతా సవ్యంగా ఉంటుందనుకోకండి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్ళండి. అక్కడి ఆడవాళ్ళు తరాలుగా ఇంటినుంచే పని చేస్తున్నారు. తునికాకు, పొగాకు తెచ్చుకుని, అరుగుమీద కూర్చుని బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. ఎవరూ పచ్చచుక్క చూడరు, నిజమే. కానీ ఆకు బాగాలేకపోతే నష్టం ఎవరికి? బాగాలేవని పక్కన పడేసిన బీడీల కష్టం ఎవరిది? చుట్టేవాళ్ళదే. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళనీ కార్మికులుగా గుర్తించడానికి 1966లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. పని కొలవడం వేరు, న్యాయంగా కొలవడం వేరు. సరుకు ఇవ్వాల్సిన బాధ్యత, కష్టంలో తోడుండాల్సిన బాధ్యత యజమానివే. ల్యాప్‌టాప్ అయినా, తునికాకైనా ధర్మం ఒకటే.

మేనేజర్లకి నాలుగు మాటలు

దూరంగా ఉన్న నలుగురైదుగురి చేత పని చేయించే బాధ్యత మీకుంటే ఇవి పాటించి చూడండి.

మొదటిది, పని అప్పగించేటప్పుడు మూడు సంగతులు రాసివ్వండి. ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి, ‘అయిపోయింది’ అంటే అర్థం ఏమిటి. ఈ మూడోది చెప్పకపోవడం వల్లే సగం గొడవలు. ‘రిపోర్టు పంపు’ అనడం వేరు. ‘మూడు జిల్లాల అమ్మకాల లెక్క, గురువారం సాయంత్రానికి, కస్టమర్‌కి నేరుగా పంపగలిగేలా’ అనడం వేరు.

రెండోది, అందరూ ఒకేసారి అందుబాటులో ఉండాల్సిన వేళ ఏదో నిర్ణయించండి. రోజుకి రెండు మూడు గంటలు చాలు. మిగతా సమయం వాళ్ళని వాళ్ళ పని చేసుకోనివ్వండి. అమెరికా క్లయింట్లతో పనైతే ఇది మరీ ముఖ్యం. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకి వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. సాయంత్రం ఆ మీటింగుకి కూర్చోవాల్సినవాళ్ళని పొద్దున్న తొమ్మిదింటికే లాగిన్ అవ్వమంటే అది పని కాదు, శిక్ష.

మూడోది, వారానికోసారి ఒక్కొక్కరితో విడిగా పావుగంట మాట్లాడండి. పని ఎంతవరకు వచ్చిందని కాదు. అది కాగితంమీద ఉంటుంది. ఎక్కడ ఆగిపోయారు, మీరేం సాయం చేయగలరు అన్నది అడగండి. కొత్తగా చేరిన కుర్రాళ్ళనైతే మొదటి కొన్ని నెలలు ఆఫీసులో అనుభవజ్ఞుల పక్కన కూర్చోబెట్టండి. పక్కవాణ్ణి చూసి నేర్చుకునేది ఏ వీడియోలోనూ ఉండదు.

నాలుగోది, ప్రమోషన్ల వేళ జాబితా ముందు పెట్టుకుని, మనుషుల ముఖాలు కాదు, వాళ్ళ పనులు గుర్తుచేసుకోండి. షాంఘైలో జరిగిన పొరపాటు మీ దగ్గర జరగకూడదు.

కరెంటు, నెట్టు, తాళాలు

ఇక టెక్నాలజీ. ఖరీదైన నిఘా సాఫ్ట్‌వేర్లకి పెట్టే డబ్బుతో ఇంట్లో ఉన్న ఉద్యోగికి నిజంగా కావలసినవి కొనివ్వొచ్చు. మన ఊళ్ళలో ముందు సమస్య కరెంటు. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉన్నా, వైఫై పెట్టె ఆగిపోతే పనీ ఆగిపోతుంది. ఆ పెట్టెకి చిన్న యూపీఎస్ ఒకటి తగిలిస్తే కాసేపు గండం గడుస్తుంది. ఇంట్లో నెట్ ఒక కంపెనీదైతే ఫోన్‌లో సిమ్ వేరే కంపెనీది ఉంచుకోండి. ఒకటి పోతే ఇంకొకటి ఆదుకుంటుంది. మంచి హెడ్‌సెట్, నడుముకి ఆనే కుర్చీ... ఇవి విలాసాలు కావు.

ఫైళ్ళు ఎవరి కంప్యూటర్లో వాళ్ళు దాచుకోకుండా అందరికీ కనబడే ఒకేచోట ఉండాలి. ఎవరి చేతిలో ఏ పని ఉందో చూపే పట్టిక ఒకటి ఉంటే ‘ఎంతవరకు వచ్చింది?’ అన్న ఫోన్లు చాలావరకు తగ్గిపోతాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌మీద పిల్లల ఆటలు, బంధువుల టిక్కెట్ల బుకింగులు వద్దే వద్దు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే రెండో తాళం కూడా తప్పనిసరి చేయాలి. మన ఇంటి తలుపు తెరిచి ఉంటే, ఇప్పుడు కంపెనీ తలుపూ తెరిచి ఉన్నట్టే మరి.

ఇంట్లోవాళ్ళూ పట్టించుకోవాలి

ఈ మాట మా అక్కయ్యకి చెబితే కాస్త నొచ్చుకుంది కానీ, నిజం. "ఇంట్లోనే ఉన్నావుగా, పాలు పొంగకుండా చూడమ్మా" అనే మాట రోజుకి పదిసార్లు వినబడుతుంది. కొడుకు ల్యాప్‌టాప్ ముందుంటే ‘వాడు పనిలో ఉన్నాడు’ అంటాం. కోడలు కూర్చుంటే ‘అది ఇంట్లోనే ఉంది’ అంటాం! ఆ గది తలుపు మూసుంటే ఆమె హైదరాబాద్ ఆఫీసులో ఉన్నట్టే లెక్క. ఏ వేళల్లో పిలవకూడదో కాగితంమీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఆ వేళల్లో పసివాణ్ణి ఎవరు చూసుకుంటారో ముందే అనుకోండి. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటినుంచి పని విధానాన్ని పెద్దఎత్తున తీసుకొస్తామన్నారు. ప్రభుత్వం విధానం చేయగలదు, కంపెనీ ల్యాప్‌టాప్ ఇవ్వగలదు. తలుపు దగ్గర నిలబడి ‘ఇప్పుడు కాదురా నాన్నా, అమ్మ పనిలో ఉంది’ అని చెప్పాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళే.

బావగారి సంచీ

ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు గడియారం చేతికి పెట్టుకుంటూ ఉన్నట్టుండి అన్నారు. ఆయన సబ్ పోస్టుమాస్టర్‌గా చేసి రిటైరయ్యారు.

"నా కింద తొమ్మిది పల్లెటూళ్ళ బ్రాంచి పోస్టాఫీసులు ఉండేవమ్మా. ఆ పోస్టుమాస్టర్ల ముఖాలు నెలల తరబడి చూసేవాణ్ణి కాదు. ఫోన్లా? లేవు. రోజూ టపా సంచీ వచ్చేది. అందులో డైలీ అకౌంటు. ఎంత నగదుంది, ఎన్ని మనియార్డర్లు ఇచ్చారు, ఎన్ని మిగిలాయి, ఎందుకు మిగిలాయి... ఒక్క కాగితంలో అన్నీ. నగదు చాలకపోతే నేను మర్నాడు సంచీలో పంపాలి. అది నా బాధ్యత. అప్పుడప్పుడూ మా ఓవర్సీరు సైకిలేసుకుని ఊళ్ళోకెళ్ళి, ‘అవ్వా, నీ మనియార్డరు అందిందా?’ అని అడిగొచ్చేవాడు. పోస్టుమాస్టరు కుర్చీలో ఉన్నాడా లేదా అని ఎప్పుడూ అడగలేదు. అవ్వకి డబ్బు అందిందా లేదా, అంతే!"

కోడలు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి వింది.

మర్నాటినుంచి ఆ అమ్మాయి రోజూ పని ముగించేటప్పుడు మేనేజర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ పెట్టడం మొదలుపెట్టింది. ఇవాళ ఏం పూర్తయింది, ఏం మిగిలింది, ఎందుకు మిగిలింది, మీనుంచి ఏం కావాలి. పక్కనే, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా బాబు అన్నం వేళ, ఆ గంట సాయంత్రం పూర్తి చేస్తానని కూడా రాసింది. మొదటి వారం జవాబే లేదు. రెండో వారం ‘థాంక్స్’ అని ఒక్క ముక్క. నెల తిరిగేసరికి టీమ్‌లో అందరినీ అలాగే రాయమన్నాడట ఆ మేనేజర్. పాపం, ఆయన పైన కూడా ఇంకెవరో పచ్చచుక్క చూసేవాళ్ళు ఉండే ఉంటారు. చూపించడానికి ఆయనకీ ఒక కాగితం దొరికింది.

‘ఎక్కడున్నావ్?’ మెసేజ్‌లు పూర్తిగా ఆగిపోయాయని చెప్పను. అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయట. కానీ రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు. మొన్న ఫోన్ చేసి ఎలా ఉందమ్మా అని అడిగితే నవ్వి, "మావయ్యగారి గడియారం మావయ్యగారి చేతికే ఉంది బాబాయిగారూ" అంది.